బిళ్ళగన్నేరుకు కోత ముందు తడి ఆపితే ఆకులో మందు పెరుగుతుందా?

చల్కరైతు: కోతకు పది రోజుల ముందు తడి ఆపితే ఆకులో ఆల్కలాయిడ్లు (మందుకు పనికొచ్చే పదార్థాలు) పెరుగుతయని ఆకు కొనే ఏజెంటు అంటుండు. ఎర్ర చల్క నేల, నిర్మల్ రకం, 45×30 సెం.మీ. ఎడం. ఆపాల్నా?

విజయ_ఫైటో: ఆపండి. నీటి ఎద్దడిలో ఈ మొక్క ఆల్కలాయిడ్లు ఎక్కువ చేసుకుంటుంది. కుండీ ప్రయోగాల్లో తేలిన సంగతే.

గట్టుమీదమొక్క: ఏ ఆల్కలాయిడండీ? ఆ ప్రయోగాల్లో గట్టిగా చూపించింది వేరులోని అజ్మాలిసిన్‌ను. అది రక్తప్రసరణ మందు. క్యాన్సర్‌కు వాడే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఆకువి. వేరు లెక్క ఆకుకు అంటగట్టకండి.

విజయ_ఫైటో: అన్నీ స్ట్రిక్టోసిడిన్ అనే ఒకే మూల పదార్థం నుంచి వచ్చేవే కదా!

గట్టుమీదమొక్క: మొదలు ఒకటే, దారులు వేరు. విండోలిన్, కాతరాంతిన్ అనే రెండు ఆల్కలాయిడ్లు కలిస్తేనే విన్‌బ్లాస్టిన్. విండోలిన్ చివరి మెట్లకు వెలుగు కావాలి. చీకట్లో మొలిచిన నారులో పని విండోలిన్‌కు ముందు మెట్టైన టాబర్సోనిన్ దగ్గరే ఆగిపోతుంది. పైగా కాతరాంతిన్ ఆకు పైనున్న మైనపు పొరలో, విండోలిన్ లోపలి కణాల్లో ఉంటాయి. అందుకే అర టన్ను ఎండు ఆకుకు గ్రాము విన్‌బ్లాస్టిన్ దక్కడమే కష్టం. తడి ఆపితే ఆ రెంటి మధ్య దూరం పోతుందా?

తోటమాలి77: షేడ్‌నెట్ వేస్తే?

గట్టుమీదమొక్క: వద్దు. ఇప్పుడే చెప్పాను, వెలుగు కావాలి.

విజయ_ఫైటో: ఆకులో మందు శాతం పెరగదంటున్నారా, ఆకు దిగుబడి తగ్గుతుందంటున్నారా? ఒక మాట మీద ఉండండి.

గట్టుమీదమొక్క: దిగుబడే. వర్షాధారంలో హెక్టారుకు సుమారు 2 టన్నుల ఎండు ఆకు, తడులిస్తే 3.6. శాతం పావు వంతు పెరిగినా, వర్షాధారం ఆకులోని మందు 2.5 టన్నుల తడి ఆకులోని మందును దాటదు.

విజయ_ఫైటో: ఏడాది పొడవునా వర్షాధారానికీ పది రోజుల ఎద్దడికీ పోలికా? లెక్క అలా వేస్తారా ఎవరైనా!

గట్టుమీదమొక్క: పది రోజులకే చల్కలో కింది ఆకు పసుపెక్కి రాలుతుంది. రాలిన ఆకు ఎవరి ఖాతాలో రాస్తారు?

చల్కరైతు: అదే నా బాధ. ఏజెంటు పరీక్ష చెయ్యడు, కాటా మీదనే కొంటడు. పోయిన కోతకు తేమ పేరు చెప్పి క్వింటాకు ఎనిమిది కిలోలు కోసిండు. మందు పెరిగితే ఆయనకు లాభం, ఆకు రాలితే నాకు నష్టం.

విజయ_ఫైటో: ఆ నష్టం నీటిది కాదు, ధరది. విండోలిన్, కాతరాంతిన్ శాతం మీద రేటు రాయించుకోండి. నా మాట మార్చను.

గట్టుమీదమొక్క: రేటు రాసిచ్చేదాకా తడి ఆపొద్దు. ఆరో నెల, తొమ్మిదో నెల ఆకు కోసి, నీడలో పలుచగా ఆరబెట్టండి. గుట్ట పోస్తే వేడెక్కి నల్లబడుతుంది, అప్పుడు ఏ శాతమూ మిగలదు.

చల్కరైతు: సగం మడికి ఆపి, సగం తడుపుతా. నమూనా ఎట్ల తియ్యాలె?

విజయ_ఫైటో: రెండు సగాల్లోనూ ఒకే పూట, పది చోట్ల నుంచి, కొన నుంచి ఒకే వరస ఆకులు తీయండి. గట్టు పక్క సాళ్లు వదిలేయండి. సంచులు కలవనివ్వకండి, రాలిన ఆకు కూడా తూచండి.