విండోస్ 7ల వే బ్రిడ్జి కేబుల్ నడుస్తలేదు, కోడ్ 10

మిర్యాలగూడ_మిల్లు:
రైస్ మిల్లు వే బ్రిడ్జి కంప్యూటర్‌కు హార్డ్ డిస్క్ మార్చి విండోస్ 7, 32 బిట్ మళ్లీ ఎక్కించినం. కాంటా సాఫ్ట్‌వేర్ పాతది, 7 దాటితే ఓపెన్ కాదు. ఇప్పుడు ఈథర్నెట్ కంట్రోలర్ (నెట్ కేబుల్ చిప్) మీద పసుపు గుర్తు, నెట్ లేదు. ఇండికేటర్ (బరువు చూపే డబ్బా) కేబుల్‌కు ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్ ప్రొలిఫిక్ (చిప్ కంపెనీ) అని చూపిస్తది గానీ కోడ్ 10, అంటే స్టార్ట్ అయితలేదు. పెన్ డ్రైవ్‌ల తాజా డ్రైవర్ తెచ్చి ఎక్కించినా అంతే. వడ్ల లారీలు లైన్ల ఉన్నయి, జర చెప్పున్రి.

పాలమూరు_రిపేర్:
నెట్ సంగతి ముందు చూడున్రి అన్నా. డివైస్ మేనేజర్‌ల ఆ ఈథర్నెట్ కంట్రోలర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. వెన్ (VEN, కంపెనీ నంబర్) పక్కన 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్. డెవ్ (DEV) పక్కన నాలుగు అక్షరాలు చిప్‌వి. అవి చూసి వేరే కంప్యూటర్‌ల చిప్ కంపెనీ సైట్ నుంచే విండోస్ 7 డ్రైవర్ పెన్ డ్రైవ్‌లకు దించున్రి. డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ల జోలికి అస్సలు పోవద్దు, కాంటా నడిచే సిస్టంల చెత్త నింపుతయి. పెన్ డ్రైవ్ నల్ల సాకెట్‌లనే పెట్టున్రి. నీలం సాకెట్ యూఎస్‌బీ 3.0, దానికి 7ల సొంత డ్రైవర్ లేదు.

నల్గొండ_సీరియల్:
కన్వర్టర్ ఖరాబు కాలేదు. మీరు తెచ్చిన తాజా డ్రైవరే అడ్డం పడుతున్నది. లోపల ప్రొలిఫిక్ వాళ్ల పీఎల్2303 రకంల పాత హెచ్‌ఎక్స్ఏ చిప్ అన్న ఉండాలె, నకిలీదన్న ఉండాలె. హెచ్‌ఎక్స్ఏను కంపెనీ 2012లనే ఆపేసింది, కొత్త డ్రైవర్లు వాటిని కావాలనే నడవనియ్యవు. 2008 నాటి 3.3.2.102 వెర్షన్ కావాలె.

ముందు కన్వర్టర్ పెట్టే ఉంచి అన్‌ఇన్‌స్టాల్ కొట్టున్రి, డిలీట్ ది డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అన్న దగ్గర టిక్ తప్పనిసరి. టిక్ మరిస్తే మళ్లీ పెట్టంగనే కొత్తదే ఎక్కుతది. తర్వాత పాతది ఎక్కించి, అప్‌డేట్ డ్రైవర్‌ల లెట్ మీ పిక్ నొక్కి 2008 వెర్షన్ ఎంచుకోవాలె. డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్‌ల విండోస్ అప్‌డేట్ నుంచి డ్రైవర్లు రాకుండ బంద్ పెట్టున్రి, లేకుంటే నెట్ వచ్చినంక మళ్ల ఇదే కథ.

మిర్యాలగూడ_మిల్లు:
కోడ్ 10 పోయింది సార్, నెట్ కూడ వచ్చింది, రియల్‌టెక్‌దే. కానీ కన్వర్టర్‌కు పోర్టు నంబర్ కామ్7 (COM7) పడ్డది, మా సాఫ్ట్‌వేర్‌ల 4 వరకే ఉన్నయి. ఆఫీసుల ఉన్న 64 బిట్ 7ల ప్రింటర్ డ్రైవర్‌కు కోడ్ 52 వస్తున్నది, అదేంది?

నల్గొండ_సీరియల్:
డివైస్ మేనేజర్‌ల కన్వర్టర్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌ల కామ్3 పెట్టున్రి. ఈ కన్వర్టర్‌ను సాకెట్ మార్చినప్పుడల్ల కొత్త నంబర్ పడతది, అందుకే ఒక్క సాకెట్‌కే ఉంచి పైన టేప్ వేయున్రి. బాడ్ రేటు (డేటా పంపే వేగం) ఇండికేటర్‌ల ఎంత ఉన్నదో సాఫ్ట్‌వేర్‌ల అంతే ఉండాలె. బరువు బదులు పిచ్చి అక్షరాలు వస్తే అదే తప్పు. ఏమీ రాకుంటే కేబుల్‌ల 2, 3 పిన్నులు తారుమారైనయేమో చూడున్రి.

పాలమూరు_రిపేర్:
కోడ్ 52 అంటే డిజిటల్ సంతకం ఒప్పుకోలేదని. కొత్త డ్రైవర్లు షా-2 (SHA-2) అనే కొత్త రకం సంతకంతో వస్తయి, అప్‌డేట్లు లేని 7కు అది తెల్వదు. సర్వీస్ ప్యాక్ 1 ఉండాలె. దాని మీద మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ముందు కేబీ4490628 (KB4490628), తర్వాత కేబీ4474419, రెండూ 64 బిట్‌వి ఎక్కించి రీస్టార్ట్ చేసినంకనే ప్రింటర్ డ్రైవర్ పెట్టున్రి.