ఎడారి నగరానికి మకాం మారుస్తున్నాం: ఎండ సంగతి సరే, మిగతావి ఏం చూసుకోవాలి?

మజిలీ:
మూడు నెలల్లో ఒక ఎడారి నగరానికి మకాం మారుతోంది. వేసవిలో 45 డిగ్రీలు అక్కడ మామూలేనట. ఇంట్లో నాలుగేళ్ల పాప, బీపీ మందులు వాడే పెద్దావిడ ఉన్నారు. "పొడి ఎండ కదా, తెలీదు" అని కొందరు, "నిప్పుల కొలిమి" అని కొందరు. ఎవరి మాట నమ్మాలో తేలడం లేదు. ఇల్లు చూసేటప్పుడు, ఏసీ కొనేటప్పుడు ఏం గమనించాలి? బ్రోచర్లలో రాయని ఇబ్బందులేమిటి? వివరంగా చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

పొడిగాలి:
ముందు ఒక్కటి తేల్చుకోండి. ఆ ఊరు సముద్రం ఒడ్డునా, లోపలా? రెండూ ఎడారులే, బతుకు మాత్రం వేరు.

రియాద్, ఫీనిక్స్, లాస్ వేగాస్ లోపలివి. వేసవి మధ్యాహ్నం గాలిలో తేమ 10 శాతానికి అటూఇటూ. చెమట పట్టినట్టే తెలీదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. దుబాయ్, దోహా, జెడ్డా ఒడ్డున ఉన్నవి. అక్కడ ఆగస్టులో రాత్రి పదింటికి ఏసీ గదిలోంచి బయట అడుగు పెడితే కళ్లజోడు మీద ఆవిరి కమ్మేస్తుంది. సౌదీ తీరంలోని ధహ్రాన్‌లో 2003 జులై 8న డ్యూ పాయింటే (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 35 డిగ్రీలకు చేరింది. అంత తేమలో చెమట ఆరే దారి దాదాపు ఉండదు.

అందుకే ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే మోసపోతారు. తడిగుడ్డను గాలికి పెడితే అది ఎంతవరకు చల్లబడగలదో ఆ అంకె చూడాలి. దాన్నే వెట్ బల్బ్ అంటారు. 45 డిగ్రీల ఎండ, 10 శాతం తేమ ఉంటే అది 21–22. 38 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే 31. ఒంటికి రెండోదే కష్టం.

ఎయిర్ కూలర్ పనికొస్తుందా లేదా అన్నదీ దీన్నిబట్టే. మంచి ప్యాడ్లున్న కూలర్ బయటి ఉష్ణోగ్రతకీ వెట్ బల్బ్‌కీ మధ్య తేడాలో 80 శాతం దాకా తగ్గిస్తుంది. లోపలి ఊళ్లో 45 డిగ్రీల గాలి 26–27 అవుతుంది, ఏసీతో పోలిస్తే కరెంటు ఖర్చు చాలా తక్కువ. ఒడ్డున ఉన్న ఊళ్లో 38 కాస్తా 32 అవుతుంది, పైగా గదంతా చిత్తడి. అక్కడ కూలర్ కొనడం దండగ.

కొన్నవాళ్లు చేసే తప్పు తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చోవడం. కూలర్‌కి ఎదుటివైపు కిటికీ నాలుగు వేళ్ల మందం తెరిచి ఉండాలి, లేకపోతే తేమ బయటికి పోక గంటలో ఉక్కపోత మొదలవుతుంది. ఇంకోటి: నీళ్లు ఆవిరైపోతాయి గానీ అందులోని లవణాలు ఎక్కడికీ పోవు. తొట్టిలో నీళ్లు రోజురోజుకీ చిక్కబడి ప్యాడ్ల మీద తెల్లటి పెచ్చు కడుతుంది, అక్కడ గాలి ఆడదు. రెండు మూడు రోజులకోసారి తొట్టి మొత్తం పారబోసి కొత్త నీళ్లు పట్టాలి.

కాయిల్‌మేస్త్రి:
పైన చెప్పిందానికి ఒకటి కలుపుతాను. పగటి గరిష్ఠం కంటే రాత్రి కనిష్ఠం చూడండి. ఊరు దాటి ఇసుకలోకి వెళ్తే పొద్దుగూకగానే చల్లబడుతుంది. నగరంలో అలా కాదు. తారు, కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటాయి. కనిష్ఠం 32 దగ్గరే ఆగిపోయే రాత్రుల్లో ఏసీకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు.

ఇల్లు: పై అంతస్తు వద్దు. పడమటి గోడకి పెద్ద అద్దాల కిటికీలు ఉంటే అసలే వద్దు. దక్షిణం కిటికీకి సన్‌షేడ్ సరిపోతుంది, ఎందుకంటే వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. పడమర ఎండ అడ్డంగా లోపలికి దూరుతుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. కిటికీకి లోపల ఎంత మందం కర్టెన్ వేసినా వేడి అద్దం దాటి వచ్చేసినట్టే. జాలీయో, వెదురు తడికో, స్క్రీనో, ఏదైనా సరే అద్దానికి బయట ఉండాలి. ఇల్లు చూడటానికి సాయంత్రం నాలుగింటికే వెళ్లండి. పడమటి గోడకి లోపలివైపు అరచెయ్యి ఆనించి చూడండి. పెనం పక్కన పెట్టినట్టుంటే గోడలో ఇన్సులేషన్ లేనట్టే. పోయిన జులై, ఆగస్టు నెలల కరెంటు బిల్లులు చూపించమనండి. ఓనరు నోటిమాట కన్నా అదే నయం.

ఏసీ: స్పెసిఫికేషన్‌లో టి1, టి3 అని ఉంటుంది. టి1 అంటే బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్క, టి3 అంటే 46 ఉన్నప్పటి లెక్క. టి1 మెషిన్ మీద రాసిన టన్నేజి 46 దగ్గర రాదు. చల్లదనం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఎడారిలో టి3 తప్ప ఇంకోటి కొనొద్దు.

వేసవిలో ఏసీ ఆగిపోవడానికి మామూలు కారణాలు మూడు. మొదటిది బయటి యూనిట్ కాయిల్‌కి దుమ్ము పట్టడం. వేడి బయటికి పోక లోపల ప్రెషర్ పెరుగుతుంది, హై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. పొద్దున పనిచేసి సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి ఆగిపోతుంటే ముందు దీన్నే అనుమానించండి. మెయిన్ ఆపి, మామూలు గొట్టంతో, వీలైతే లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. బళ్లు కడిగే ప్రెషర్ గన్ పెడితే కాయిల్ మీది సన్నటి రేకు రెక్కలు వంగిపోయి గాలి దారే మూసుకుపోతుంది.

రెండోది కెపాసిటర్, అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే భాగం, పాడవడం. యూనిట్ "గుంయ్"మంటుంది గానీ ఫ్యాన్ తిరగదు. విప్పి చూస్తే కెపాసిటర్ తల ఉబ్బి ఉంటుంది. దాని మీద 45 మైక్రోఫారడ్ అని ఉంటే కొత్తదీ 45దే వెయ్యాలి. వోల్టేజి 370 ఉన్నచోట 440ది వెయ్యొచ్చు, 440 ఉన్నచోట 370ది వెయ్యకూడదు. కరెంటు తీసేశాక కూడా అందులో చార్జి ఉంటుంది, కాబట్టి చేతనైనవాళ్లే ముట్టుకోవాలి. మూడోది నీళ్లు పోయే పైపు మూసుకుపోవడం. దుమ్మూ నాచూ కలిసి బురదలా అడ్డంపడతాయి. ఫ్లోట్ స్విచ్ ఉంటే మెషిన్ ఆగుతుంది, లేకపోతే సీలింగ్ కారుతుంది.

పరీక్ష సులువే. ఏసీ లోపలికి తీసుకునే గాలికీ బయటికి వదిలే గాలికీ మధ్య 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉండాలి. అంతకంటే బాగా తక్కువుంటే మేస్త్రీని పిలవండి. ఈ పని ఏప్రిల్‌లోనే చేయించండి, జూన్‌లో వాళ్లు దొరకరు.

నాలుగుచక్రాలు:
దుమ్ము ఎక్కువ కదా, ఏసీకి దొరికినంత దట్టమైన ఫిల్టర్ వేయిస్తే సరి.

కాయిల్‌మేస్త్రి:
ఆ పని మాత్రం చేయకండి. ఫిల్టర్ దట్టమయ్యేకొద్దీ గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే లోపలి కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది, చల్లదనం ఇంకా పోతుంది. యూనిట్‌కి కంపెనీ చెప్పిన రకమే వేసి, దుమ్ము తుఫానుల కాలంలో నెలకోసారి మార్చండి లేదా కడగండి. తుఫాను వెళ్లిన మర్నాడు తప్పకుండా తీసి చూడండి.

నాడి:
ఇంట్లో పెద్దావిడ, పాప ఉన్నారన్నారు కాబట్టి ఇది ఒకటికి రెండుసార్లు చదవండి.

"అలవాటైపోతుంది" అన్నమాటలో సగమే నిజం. ఎండలో పనిచేసే ఒళ్లు సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం లాంటివి అప్పుడే వస్తాయి. ఏసీ గదిలోనే కూర్చుంటే ఆ సర్దుబాటు రాదు. వయసు మీదపడినవాళ్లలో అది బలహీనం. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43.3 డిగ్రీలకు తగ్గలేదు. ఆ నగరం ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది ఎండ సంబంధిత మరణాలు 645. ఇళ్లలోపల చనిపోయినవాళ్లలో ఎక్కువమందికి ఏసీ ఉంది, అది పనిచేయడం లేదు. ఎడారి నగరానికి అసలు ప్రమాదం ఎండ కాదు, ఎండలో కరెంటో ఏసీనో పోవడం. అలా జరిగితే ఎక్కడికి వెళ్తారో ముందే అనుకుని ఉంచండి. రెండో గదికి చిన్న విండో ఏసీ ఒకటి అదనంగా ఉంటే ఇంకా మంచిది. 40 డిగ్రీలు దాటిన గదిలో ఫ్యాన్ వేడిగాలిని ఒంటికి కొడుతుంది. దాన్ని నమ్ముకోవద్దు.

బీపీ మందుల్లో ఒంట్లో నీరు తీసే రకం ఉంటే వెళ్లేముందే డాక్టరుతో మాట్లాడాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు.

పొడి గాలిలో చెమట కనపడదు కాబట్టి దాహాన్ని నమ్మలేం. ఎండలో పనిచేస్తుంటే పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరుకి కాస్త తక్కువ. అలాగని గంటకి లీటరున్నర తాగేస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రాణం మీదికే. బాగా చెమటోడితే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు.

మాట తడబడుతోందా, ఎక్కడున్నారో తెలీడం లేదా, అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని తీసిపారేయొద్దు, చెమటతో కూడా వస్తుంది. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోపే బట్టలు తడిపి, గాలి తగిలేలా చేసి, మెడకి, చంకలకి మంచు పెట్టాలి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

పాప విషయంలో కాళ్లు జాగ్రత్త. మధ్యాహ్నం తారు రోడ్డు 65 డిగ్రీలు దాటుతుంది, జారుడుబల్ల రేకూ అంతే. ముందు మీ అరచేతి వెనకభాగం ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే పాపని దింపొద్దు. ఆగి ఉన్న కారులో పది నిమిషాలకే లోపలి వేడి పదకొండు డిగ్రీలు పెరుగుతుంది. "ఇప్పుడే వచ్చేస్తా" అన్న మాట అక్కడ చెల్లదు.

మజిలీ:
చాలా భయపెట్టారు, ధన్యవాదాలు! మంచి ఒక్కటీ లేదా?

నాలుగుచక్రాలు:
ఎందుకు లేదు. చలికాలం నాలుగైదు నెలలు హాయిగా ఉంటుంది, పగలు 20–25, ఫ్యాన్ కూడా అక్కర్లేదు. లోపలి ఊళ్లలో గోడలకి చెమ్మ, బూజు ఉండవు, బట్టలు గంటలో ఆరతాయి, దోమలు తక్కువ. లేవని అనను, పూలకుండీ కింద ప్లేటులో నీళ్లు నిలిస్తే అక్కడే గుడ్లు పెడతాయి. పాత కారు కొన్నా అడుగున తుప్పు ఉండదు. సోలార్ ప్యానెళ్లకి ఎండ పుష్కలం, కాకపోతే ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3–0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది, దుమ్ము తుడవకపోతే ఇంకా తగ్గుతుంది. ఇంత ఎండలో ఉండి గల్ఫ్ దేశాల్లో డి విటమిన్ లోపం విరివిగా కనిపిస్తుంది. ఎండకి భయపడి ఎవరూ బయటికి రారు మరి.

ఇక బండి. బ్యాటరీని చంపేది చలి అనుకుంటారు, ఎడారిలో వేడే చంపుతుంది. లోపలి ప్లేట్లు త్వరగా తినేసుకుపోతాయి, రెండు మూడేళ్లకి మించి ఆశపెట్టుకోకండి. పోయేముందు పెద్దగా హెచ్చరించదు కూడా, కాబట్టి రెండేళ్లు దాటాక ప్రతి వేసవికీ ముందు లోడ్ టెస్ట్ (బరువు పడినప్పుడు బ్యాటరీ నిలుస్తుందో లేదో చూసే పరీక్ష) చేయించండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2322 అంటే 2022లో 23వ వారం తయారైంది. అరుగుదల లేకపోయినా ఆరేళ్లు దాటితే మార్చండి, ఎండకి రబ్బరు బీటలు తీస్తుంది. గాలి తెల్లవారుజామునే కొట్టించాలి. ప్రతి 5–6 డిగ్రీలకి ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది గనక, మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేస్తే పొద్దున్నకి టైరు మెత్తబడి ఉంటుంది. మెత్తటి టైరు హైవే మీద వేడెక్కి పేలుతుంది. కారులో పవర్ బ్యాంకు, స్ప్రే డబ్బాలు, ఇన్సులిన్ వదలొద్దు.

దుమ్ము తుఫాను ఎదురొస్తే రోడ్డు దిగి వీలైనంత దూరంగా ఆపి, హెడ్‌లైట్లు, పార్కింగ్ లైట్లు అన్నీ ఆర్పేసి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీంచి కాలు తీసేయాలి. లైట్లు ఆర్పడం వింతగా అనిపిస్తుంది గానీ, వెనక వచ్చేవాడు మీ ఎర్ర లైటు చూసి అదే రోడ్డనుకుని వచ్చి గుద్దేస్తాడు.

వాన సంగతి కూడా చెప్పాలి. గట్టిపడ్డ నేల నీళ్లు పీల్చదు. ఎక్కడో కొండల్లో కురిస్తే మీ దగ్గర ఆకాశం నిర్మలంగా ఉండగానే ఎండు వాగు పొంగుతుంది. 15 సెంటీమీటర్ల లోతున వేగంగా పారే నీళ్లు మనిషిని పడేస్తాయి, 30 చిన్న కారుని తేలుస్తాయి, 60 చాలా వాహనాల్ని ఈడ్చుకుపోతాయి. ఇల్లు తీసుకునేటప్పుడు వాగు పల్లంలో ఉందేమో చూడండి.

మజిలీ:
ఇదంతా రాసిపెట్టుకున్నాను. ఆఖరి ప్రశ్న: వేసవిలో కుళాయి నీళ్లు కాలిపోతాయట, స్నానం ఎలా?

కాయిల్‌మేస్త్రి:
మేడ మీద ట్యాంకు ఉంటే మధ్యాహ్నం నీళ్లు నిజంగానే చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. గీజర్ ఇంటిలోపల ఉంటే, అదీ నీళ్లు నిలవుండే ట్యాంకు రకమైతే, మే నెలలో దాని స్విచ్ ఆపేయండి. ఏసీ గదుల మధ్య ఉన్న ఆ ట్యాంకులో నీళ్లు నెమ్మదిగా ఇంటి చల్లదనానికి దిగుతాయి. అప్పుడు వేడినీళ్ల కుళాయి తిప్పితే చల్లనివి, చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడివి వస్తాయి. రెండూ కలుపుకుని పోసుకోండి. 50 లీటర్ల ట్యాంకయితే ఇద్దరికి సరిపోతుంది, మూడోవాళ్లు మళ్లీ చల్లబడేదాకా ఆగాలి. పాపకి పోసేముందు మాత్రం ఏ కుళాయి ఏదో చేత్తో చూసుకోండి, అక్టోబరులో గీజర్ మళ్లీ వేసిన రోజున మరీను.