గోదావరి పక్కనే ఉన్నా కోనసీమలో సార్వా (వానాకాలం వరి) ఎందుకు వదిలేస్తున్నారు?

మెట్టరైతు:
మాది ప్రకాశం జిల్లా, బోర్లు ఎండిపోయే మెట్ట ఊరు. ఈమధ్య పెళ్లికని అమలాపురం వెళ్తే ఎటు చూసినా కాలవలూ కొబ్బరితోటలూ, కళ్లు చల్లబడ్డాయి. కానీ అల్లవరం వైపు ఊడ్పుల రోజుల్లో చాలా చేలు ఖాళీగా ఉన్నాయి. 2011లోనూ క్రాప్ హాలిడే అని సార్వా మానేశారు కదా. అన్ని నీళ్లుండి ఎందుకండీ ఇలా?

కౌశికగట్టు:
మాకు నీళ్లు రాక కాదండీ, వచ్చిన నీళ్లు పోక ఇబ్బంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఈ లంక నేలంతా కాలవల కింద సాగులోకి వచ్చింది. ఆ నీరూ వాననీరూ మురుగు కాలవల్లోంచి సముద్రంలో కలవాలి, అవేమో పూడుకుపోయి గుర్రపుడెక్కతో నిండిపోయి ఉన్నాయి. నాట్లు వేయగానే పెద్ద వానొస్తే నారు కుళ్లి మళ్లీ నాటాలి. అది గట్టెక్కినా కోతలకి తుపాను సిద్ధం. కోసిన పనలు నీళ్లలో నానితే నాలుగు రోజులకే కంకుల మీద తెల్లగా మొలకలొస్తాయి, ఆ ధాన్యం ఎవరు కొంటారు? 2011లో దీనికి తోడు కూలి, ఎరువుల ఖర్చుకి ధర గిట్టలేదు. దాళ్వాకి, అంటే సార్వా తర్వాత వేసే రెండో వరికి, ముంపు భయం తక్కువ, అందుకే అందరి ఆశా దాని మీదే.

రాజోలుదీవి:
మా వైపు తోటలకీ ఇదే గతి. శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలవ) లోంచి సముద్రం పోటు ఎదురెక్కి, కేశనపల్లిలో కొబ్బరిచెట్లు తలలు రాలి మొండిగా నిలబడ్డాయి. ఉప్పునీరు రోజుల తరబడి వేళ్లలో నిలిస్తే కొబ్బరైనా తట్టుకోలేదు.

మెట్టరైతు:
అయ్యో, అంత ఉందనుకోలేదు. డ్రెయిన్లు తవ్విస్తే సరిపోదా?

కౌలుబతుకు:
తవ్వాలి అన్నా, కానీ ఎండాకాలంలోనే తవ్వాలి, సముద్రంలో కలిసే మొగ దగ్గర మేట వేసిన ఇసుక కూడా తీయాలి. పైన తవ్వి మొగ వదిలేస్తే నీరు ఎక్కడికి పోతుంది? ఇంకొకటి, ఇక్కడ చేలు చేసేది చాలావరకు మాలాంటి కౌలుదారులం. పంట మునిగినా పెట్టుబడి అప్పు మా మీదే. పట్టా మా పేరున ఉండదు కాబట్టి నష్టపరిహారానికి ముందు కౌలు కార్డు కావాలి, దానికి భూయజమాని ఒప్పుకోవాలి. ఆయన సంతకం పెట్టకపోతే సార్వా వేసే ధైర్యం మాకెక్కడిది?