కేతకి శ్లోకంలో "విఫలాపి" అంటే ఏమిటి?

గ్రూపులో ఈ శ్లోకం పెట్టి అర్థం అడిగారు కదా, అందులో ఒక్క మాట మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. చాణక్యనీతి చివరి అధ్యాయంలో కనిపించే శ్లోకం ఇది:

వ్యాలాశ్రయాపి విఫలాపి సకంటకాపి
వక్రాపి పంకిలభవాపి దురాసదాపి
గంధేన బంధురసి కేతకి సర్వజంతో-
రేకో గుణః ఖలు నిహంతి సమస్తదోషాన్

ఓ మొగలీ, నీ దగ్గర పాములుంటాయి, నువ్వు కాయవు, ఒళ్లంతా ముళ్లు, వంకర టింకర, పుట్టేది బురదలో, నిన్ను చేరడమే కష్టం, అయినా వాసన వల్ల అందరికీ చుట్టానివయ్యావు, ఒక్క మంచి గుణం దోషాలన్నిటినీ పోగొడుతుంది అని తాత్పర్యం.

"విఫలా"కి "పనికిరానిది" అని కొందరు అర్థం రాశారు. నాకు అది సరిపడదు. మిగతావన్నీ కంటికి కనబడే లక్షణాలు. ముళ్లే చూడండి, ఆకుకి రెండు అంచుల్లోనే కాదు, అడుగున నడి ఈనె పొడుగునా కూడా ఉంటాయి, చెయ్యి ఎటు పెట్టినా గీరుకుంటుంది. కాండం నిటారుగా లేవదు, పక్కకి వాలి ఊడల మీద నిలబడుతుంది. ఇంత చూసి రాసిన కవి మధ్యలో ఒక్క మాట మాత్రం గాలికి ఎందుకు వాడతాడు? ఇక్కడ ఫలం అంటే కాయే, కాయనిది అనే చెప్పుకోవాలి.

వ్యాఖ్య: మాస్టారూ, మొగలికి కాయ కాస్తుందండీ. సముద్రపు ఒడ్డున అనాసపండులా వేలాడుతుంటే నేనే చూశాను. మరి కవి తప్పు రాసినట్టేనా?

జవాబు: మీరు చూసింది నిజమేనండీ, కవి రాసిందీ నిజమే. మొగలిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మీరు చూసింది ఆడచెట్టు, పండితే నారింజ రంగుకి తిరిగి గింజలు గింజలుగా విడిపోయే కాయ దానిదే. మనం జడలో పెట్టుకునే, బట్టల మధ్య దాచుకునే మొగలిపొత్తు మగచెట్టుది. ఆ పొడుగాటి లేత పసుపు రేకులు కూడా నిజానికి పూరేకులు కావు, పూలని కప్పి ఉంచే ఆకులు. అసలు పూలు లోపల కంకుల మీద చిన్న చిన్నవి, పుప్పొడి తప్ప రేకంటూ వాటికి లేదు. అందుకే ఒడిశాలోని గంజాం జిల్లాలో అత్తరు బట్టీలవాళ్లు రాగి పాత్రల్లో వండేది మగపూలనే, ఆ గంజాం కేవడా (మొగలికి హిందీ పేరు) పువ్వుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంటే వాసన ఏ చెట్టుదో, కాయనిది కూడా ఆ చెట్టే. శ్లోకంలో గంధమూ విఫలత్వమూ ఒకే కేతకి మీద పెట్టడం ఎంత సరైన పరిశీలనో చూడండి! కేతకి స్త్రీలింగ శబ్దం కాబట్టి సంబోధన ఆడపేరుతో ఉంది, అది వ్యాకరణం సంగతి, చెట్టు సంగతి కాదు.

వ్యాఖ్య: అయితే మొగలి అన్న పేరులోనే "మొగ" ఉంది కదండీ?

జవాబు: అలా లాగకండి. ఆడచెట్టునీ జనం మొగలి అనే అంటారు. పాత తెలుగులో గేదఁగి అన్న మాట కూడా ఉంది, అది కేతకి నుంచి వచ్చిన తద్భవం.

ఇంకొకటి, పాము సంగతి. మొగలి వాసనకి నాగుపాము వస్తుందని మనవాళ్లు నమ్ముతారు గానీ శ్లోకం ఆ మాట అనలేదు. "ఆశ్రయ" అంది, అంతే. మనిషి చొరలేని ముళ్లపొద, లోపల ఎలకలూ కప్పలూ, పాము ఉండక ఏం చేస్తుంది?

కొన్ని ప్రతుల్లో "వికలాపి" అని కూడా ఉంది. వికల అంటే లోపం ఉన్నది, అప్పుడు అర్థం పలచబడిపోతుంది, ఎందుకంటే లోపాల జాబితాలోనే మళ్లీ "లోపం ఉన్నది" అని చెప్పినట్టవుతుంది. నా ఓటు విఫలాపికే. మీ దగ్గర పాత ముద్రణ ఏదైనా ఉంటే ఆ పాదం ఫొటో తీసి పెట్టండి, టీకలో ఏ అర్థం ఇచ్చారో కూడా చూద్దాం.