పాత మత్తు మిషన్: మెరుగు పెట్టాలా, ఉన్నట్టే ఉంచాలా?

బురుజు_కర్నూలు: మా ఊళ్లో మూతపడిన ఒక నర్సింగ్ హోమ్ స్టోర్‌రూమ్‌లో ఆపరేషన్‌కి మత్తిచ్చే పాత బాయిల్ మిషన్ దొరికింది. ఈథర్ అనే మత్తుమందు సీసా, అతుకేసిన రబ్బరు సంచి ఉన్నాయి. పక్కనే టీ జల్లెడంత ష్కిమ్మెల్‌బుష్ మాస్కు. దాని మీద గాజుగుడ్డ పరిచి ఈథర్ చుక్కలు వేసేవారట. మ్యూజియంకి ఇచ్చేముందు రంగేసి, గొట్టాలూ సంచీ కొత్తవి పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

మత్తుడాక్టర్_అనంత: వద్దు సార్. గొట్టాలు నల్లగా ఉన్నది మురికితో కాదు. ఈథర్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. స్థిర విద్యుత్తు నిలవకుండా ఆ రబ్బరులో కార్బన్ కలిపేవారు. తెల్ల ప్లాస్టిక్ తగిలిస్తే ఆ భయం చూసేవాళ్లకి తెలియదు.

పెన్నా_గట్టు: క్లోరోఫాం మిషన్‌కి ఇంత చర్చా?

మత్తుడాక్టర్_అనంత: పైన ఈథర్ అని రాశారు.

పెన్నా_గట్టు: ఏదైతేనేం. క్లోరోఫాం ఎంత ప్రమాదమో తేల్చడానికి వేసిన హైదరాబాద్ రెండో క్లోరోఫాం కమిషన్‌కి 1889లో నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. ముందు అది రాయండి బోర్డు మీద.

కడపోడు: కడపను నిజాం 1800లోనే కంపెనీకి ఇచ్చేశాడు. మనకేం గొప్ప?

మత్తుడాక్టర్_అనంత: పైగా ఆ కమిషన్ క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి ఊపిరి చూసుకుంటే చాలంది. క్లోరోఫాం గుండెనే ఆపగలదని 1911లో లెవీ అనే డాక్టర్ చూపించాడు. సరే, ఈథర్‌కి దీనితో సంబంధం లేదు.

థియేటర్_కొడుకు: మా నాయన ఆ నర్సింగ్ హోమ్‌లోనే పనిచేసినాడు. రాత్రుళ్లు కూర్చోని సంచి పిసికినాడు. పేరు మాత్రం ఏ బోర్డు మీదా లేదు.

బురుజు_కర్నూలు: అన్నా, ఇక్కడ రంగు గురించి మాట్లాడుతున్నాం.

థియేటర్_కొడుకు: రంగేస్తే మీ తాత పేరు బాగా కనపడుతుందని గదా!

బురుజు_కర్నూలు: మిషన్ కొన్నది మా తాతే. డబ్బు పెట్టినాయన పేరు రాస్తే తప్పేంటి? మీకు కావాల్సింది మిషనా, పేరా?

థియేటర్_కొడుకు: పేరే. దాచేదేముంది? రోగి ఊపిరి ఆయన చేతిలో ఉండె, మీ తాత చేతిలో కత్తి ఉండె.

పెన్నా_గట్టు: క్లోరోఫాం అనే రాయండి, జనానికి అదే తెలుసు.

బురుజు_కర్నూలు: ఇద్దరి పేర్లూ రాయొచ్చు. కానీ ఆ చిరుగుల సంచి అద్దాల వెనక పెడితే అసహ్యంగా ఉంటుంది.

థియేటర్_కొడుకు: ఆ అతుకు సైకిల్ ట్యూబు ముక్క. కొత్త సంచి రాక, మా నాయనే సొల్యూషన్ రాసి అంటించినాడు. నేను పక్కనే ఉంటిని.

కడపోడు: అతుకు ఫోటో పెట్టండప్పా.