‘ఋణం తీరిపోయింది’ అనే మాట గురించి

నిన్న ఒక సోదరి ఇక్కడ ఒక ప్రశ్న పెట్టారు. వాళ్ల నాన్నగారు పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన పెద్దాయన ఒకరు "ఋణం తీరిపోయిందమ్మా, అంతే" అన్నారట. ఓదార్పుగానే అన్నారని తెలుసు, అయినా ఆ మాట ముల్లులా దిగింది, నాన్నకూ నాకూ మధ్య ఉన్నది అప్పుల లెక్కా అని అడిగారు. రెండు వాక్యాల్లో జవాబు రాద్దామనుకుని మొదలుపెట్టి ఆగిపోయాను. రాత్రంతా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే విడిగా రాస్తున్నాను.

తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వవలసి ఉంటే మనకు మూడు మాటలున్నాయి: అప్పు, బాకీ, ఋణం. (పత్రికలు ‘రుణం’ అని రాస్తున్నాయి. మనం పలికేది అలాగే కాబట్టి తప్పు పట్టను. నాకు మాత్రం ఆ ఋకారాన్ని వదలబుద్ధి కాదు.) అప్పు దేశ్యం. బాకీ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. పుట్టినచోట దాని అర్థం ‘మిగిలినది’. ఋణం సంస్కృతం. నిఘంటువులో ఒకదానికి ఒకటి అర్థంగా కనిపిస్తాయి కానీ, నోట్లో ఒకదాని చోట ఇంకొకటి ఇమడదు. తల్లి ఋణం అంటాం, తల్లి అప్పు అనం. గురువుగారి బాకీ అంటే జీతం ఎగ్గొట్టినట్టు వినిపిస్తుంది. పాత బాకీ తీర్చుకున్నాడంటే పగ సాధించాడని కూడా అర్థం. బ్యాంకులో తీసుకున్నది మాత్రం అప్పూ అవుతుంది, రుణమూ అవుతుంది. అదొక్కటే ఈ రెండు మాటలూ కలిసే చోటు.

ఇంకో తేడా ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. అప్పు గురించి ఇచ్చినవాడు మాట్లాడతాడు. "నా అప్పు సంగతేమిటి?" అని గుమ్మంలో నిలబడి అడుగుతాడు, అందులో వింత లేదు. ఋణం పుచ్చుకున్నవాడి నోట రావలసిన మాట. "మీకు ఋణపడి ఉన్నాను" అన్నప్పుడు అందులో వినయం ఉంది, ప్రేమ ఉంది. అదే వాక్యాన్ని తిరగేసి "నువ్వు నాకు ఋణపడి ఉన్నావు" అని ఒకసారి పైకి అనుకోండి. ఎంత మోటుగా ఉందో మీకే తెలుస్తుంది. కన్నపిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పెంచిన ఋణం గుర్తుచేసే తల్లిదండ్రుల్ని నేను చూశాను. వాళ్ల బాధ నిజమైనదే కావచ్చు. అయినా అడిగిన క్షణాన అది అప్పుగా మారిపోతుంది, ఎదుటివాడు లెక్క వెయ్యడం మొదలుపెడతాడు.

ఇక క్రియల దగ్గరికి వస్తాను, అసలు చిక్కు అక్కడే ఉంది. ఋణం తీర్చుకోవడం వేరు, తీరిపోవడం వేరు. అప్పు ‘తీరుస్తాం’. ఋణం ‘తీర్చుకుంటాం’. ఆ ‘కొను’ చేరితే ఫలం చేసినవాడికి చెందుతుంది: దాహం తీర్చుకున్నట్టు, ముచ్చట తీర్చుకున్నట్టు. అంటే ఋణం తీర్చుకోవడమనేది మన లోపలి అవసరం. ఎదుటివారికి ఏదో ముట్టజెప్పడం అందులో ఒక భాగం మాత్రమే. ‘తీరిపోయింది’ అన్నప్పుడు కర్త మాయమవుతాడు. ఎవరూ తీర్చలేదు, దానంతట అదే తీరింది. ఇల్లు అమ్మి తాళంచెవి చేతులు మారినప్పుడు "ఈ ఇంటితో ఋణం తీరింది" అంటాం. ఇంటికి మనం ఏం బాకీ ఉంటాం? అక్కడ ఋణం అంటే కలిసి ఉండే యోగం, కట్టి ఉంచిన తాడు. మనుషుల విషయంలో వాడేదీ ఈ అర్థంలోనే. దీని వెనక అందరికీ తెలిసిన శ్లోకం ఒకటుంది:

ఋణానుబంధ రూపేణ పశుపత్నీసుతాలయాః
ఋణక్షయే క్షయం యాంతి కా తత్ర పరివేదనా

పశువులు, భార్య, పిల్లలు, ఇల్లు అన్నీ ఋణానుబంధం వల్ల వచ్చేవే, ఆ ఋణం తరిగిపోగానే అవీ పోతాయి, అందుకు ఏడవడమెందుకు అని. ఆ పెద్దాయన నోట వచ్చినది ఈ శ్లోకంలోని సగమే. ఆయన అన్నది ‘నీకూ నాన్నకూ మధ్య లెక్క ముగిసింది’ అని కాదు. ‘కలిసి ఉండేందుకు ఇచ్చిన గడువు ముగిసింది’ అని. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ‘కా తత్ర పరివేదనా’ అన్న ఆ చివరి ముక్కతో నాకు ఏనాడూ పొత్తు కుదరలేదు. దుఃఖంలో ఉన్నవారికి ఏడవకు అని చెప్పే శ్లోకం, ఏడ్చి తేరుకున్నాక చదువుకోవలసినదే కానీ ఆ రోజున వినిపించవలసినది కాదు.

దానికంటే నాకు దగ్గరైనవి రెండున్నాయి. రామాయణం ఉత్తరకాండలో రాముడు హనుమంతుణ్ని సాగనంపుతూ, నువ్వు చేసిన ఒక్కొక్క ఉపకారానికి నా ప్రాణాలిస్తాను, మిగిలినవాటికి మేము నీకు ఋణపడే ఉంటాం, ‘భవామ ఋణినో వయమ్’ అంటాడు. అక్కడితో ఆగడు. నువ్వు చేసిన ఉపకారం నాలోనే జీర్ణమైపోవాలి అంటాడు. ఎందుకంటే ప్రత్యుపకారం పొందవలసిన అవసరం మనిషికి ఆపదలోనే వస్తుంది. నేను నీ ఋణం తీర్చాలని కోరుకుంటే నీకు కష్టం రావాలని కోరుకున్నట్టే. తీర్చకపోవడమే ప్రేమ అయ్యే చోటు ఒకటుందని నేను తెలుసుకున్నది అక్కడే. రెండోది భారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు సంజయుడితో అన్న మాట. దూరాన ఉన్న నన్ను ద్రౌపది ‘గోవిందా’ అని పిలిచింది, ‘ఋణమేతత్ ప్రవృద్ధం మే హృదయాన్నాపసర్పతి’, పెరిగి పెద్దదైన ఈ ఋణం నా గుండెలోంచి తొలగడం లేదు అని. మొక్కేవాడు దేవుడికి ఋణపడతాడని మనం అనుకుంటాం. ఇక్కడ పిలిపించుకున్నవాడే ఋణస్థుడు, వడ్డీ పెరుగుతున్నదీ ఆయనకే. ఇంత ధైర్యమైన విశ్వాసం ఇంత చిన్న వాక్యంలో ఇంకెక్కడా నాకు కనబడలేదు.

మా అమ్మ చివరి నెలల్లో అక్క దగ్గర ఉండేది. ఒక సాయంత్రం అక్క ఆమెను మంచం మీద కూర్చోబెట్టి తల దువ్వుతోంది. జుట్టు పలచబడి దువ్వెన పళ్లు మాడుకు తగులుతున్నాయి, అందుకని ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టుకుని దువ్వుతోంది. చూడటానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు "అమ్మ ఋణం తీర్చుకుంటున్నావు తల్లీ" అన్నారు. అక్క చెయ్యి ఆపకుండానే, "తీరడం లేదు పిన్నిగారూ, పెరుగుతోంది. ఇలా తల వంచి దువ్వించుకుంటోంది చూడండి, అదీ ఆవిడ ఇస్తున్నదే" అంది.

ఈ టపా కింద ఒక మిత్రుడు ఇలా అడిగారు: "ఋణవిముక్తినే కదండీ మన పెద్దలు కోరుకున్నది? ‘అప్పు లేనివాడే అధిక సంపన్నుడు’ అనలేదా? మీరు ఋణాన్ని మరీ గొప్ప చేస్తున్నారేమో."

అయ్యా, మీరు పట్టుకున్నది సరైన చోటే. అథర్వవేదంలో ఈ లోకంలోనూ, పరలోకంలోనూ, మూడో లోకంలోనూ అనృణులం, అంటే ఋణం లేనివాళ్లం, కావాలన్న ప్రార్థన ఉంది. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు పుడుతూనే మూడు ఋణాలతో పుడతాడంటుంది: ఋషులకు, దేవతలకు, పితరులకు. నాలుగోదిగా మనుషుల ఋణాన్ని శతపథ బ్రాహ్మణం చేర్చింది. తీర్చమనే చెప్పారు. కానీ ఎలా తీర్చమన్నారో చూడండి. ఋషుల ఋణం చదువుకోవడం వల్ల తీరుతుంది. పితరుల ఋణం పిల్లల్ని కనడం వల్ల. మనుషుల ఋణం దయ వల్ల తీరుతుందని భారతం ఆదిపర్వంలో ఉంది, అక్కడి మాట ‘ఆనృశంస్యం’. ఇచ్చినవారికే తిరిగి ఇమ్మని ఈ మూడింటిలో ఎక్కడా లేదు. ముందుకు, తరువాతివారికి ఇమ్మన్నారు. అప్పులో అలా కుదరదు కదా. ఒకరి దగ్గర తీసుకుని మరొకరికి చెల్లిస్తే ఎవరూ ఒప్పుకోరు. అందుకే మీరు చెప్పిన సామెతలో ఉన్నది ‘అప్పు’, అది అక్కడ సరిగ్గా అమరింది. ఆ సామెతలో ఋణం పెట్టి చూస్తే నాకు చెవికి ఎక్కడో తేడా కొడుతోంది.

ఇంకొక సభ్యురాలు తన గురువుగారికి ఉత్తరం రాస్తూ చివర ‘మీ ఋణం తీర్చుకోలేను’ అని రాయవచ్చా, చేతకాదని తప్పించుకున్నట్టు ఉంటుందా అని అడిగారు. అలా ఉండదమ్మా, నిశ్చింతగా రాయండి. అది మన భాషలో స్థిరపడిన మాట, ఆయన సరిగానే వింటారు. ‘ధన్యవాదాలు’ మాత్రం చివరి మాటగా పెట్టకండి. అది రాస్తే ఇచ్చిపుచ్చుకోవడం అక్కడితో ముగిసినట్టవుతుంది. ‘ఋణపడి ఉంటాను’ అని చాలామంది రాస్తారు. నన్నడిగితే ‘ఉన్నాను’ అనండి. ‘ఉంటాను’లో వాగ్దానం ఉంది. మీరు ఇప్పటికే పడి ఉన్నారు కదా.