రాగి చెంబులో చెంబు అంటే రాగేనా?

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి):
కార్తీక సోమవారం పూజకని మా అమ్మమ్మ రాగి చెంబును చింతపండు, ఉప్పుతో తోముతుంటే, నల్లబారిన పొర వీడి ఎరుపు బయటపడటం పక్కనే కూర్చుని చూశాను. మా ఇంటికి వచ్చిన తమిళ మిత్రుడొకరు మేము ‘ఇత్తడి చెంబు’ అనడం విని, తమ భాషలో చెంబంటే రాగి కదా అని ఆశ్చర్యపోయారు. అది నిజమేనా? రసాయన శాస్త్రంలో రాగికి ‘సీయూ’ అనే గుర్తు ఎందుకు వచ్చింది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (తెలుగు ఉపాధ్యాయుడు, రాజోలు):
మీ మిత్రుడు చెప్పింది నిజమేనండి. తమిళ మలయాళాల్లో చెంబంటే రాగి. మన చెంగలువలోనూ చెంగావిలోనూ ఎరుపును తెలిపే ‘చెం’ ఏదో అక్కడున్నదీ అదే. తెలుగులో ఆ మాట లోహాన్ని విడిచి పాత్రకే మిగిలిపోయింది కనుక, ఇత్తడిదైనా స్టీలుదైనా మనకు చెంబే. సంస్కృతంలో తామ్రమన్నా ఎరుపు వన్నెదనే అర్థం. సంధ్యారాగంలోని రాగమూ ఆ ఎరుపే. రాగిరేకుల మీద చెక్కిన శాసనాన్ని మనం తామ్రశాసనమంటే తమిళులు ‘చెప్పేడు’ అంటారు, అంటే రాగి ఆకు అన్నమాట. నన్నయ రచించిన నందంపూడి శాసనం, రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు మన కోనసీమలోని అగ్రహారాన్ని ఇచ్చిన సందర్భంలోనిది, అటువంటి రాగిరేకుల మీదిదే. కాబట్టి ఈ లోహాన్ని పరాయి విషయంగా చూడనక్కరలేదు.

జవాబు (రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, రామచంద్రపురం):
గుర్తు సంగతి నేను చెబుతాను. మనవారు రంగును బట్టి పేరు పెడితే, రోమన్లు దొరికే చోటును బట్టి పెట్టారు. సైప్రస్ ద్వీపపు గనుల నుంచి వచ్చే రాగిని వారు ‘ఏస్ కిప్రియం’, అంటే సైప్రస్ లోహం, అనేవారు. అదే వాడుకలో ‘కుప్రం’గా మారింది. ఇంగ్లీషు కాపర్, జర్మన్ కుప్ఫర్, ఫ్రెంచి క్వీవ్ర్ దాని నుంచి వచ్చినవే. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813-14లో మూలకాలకు లాటిన్ పేర్లలోని అక్షరాలనే గుర్తులుగా ప్రతిపాదించినందువల్ల, 29వ మూలకానికి కుప్రంలోని మొదటి రెండు అక్షరాలు దక్కాయి. సైప్రస్ జెండాలో ఆ ద్వీపం పటాన్ని నేటికీ రాగి రంగులోనే చూపుతారు. ఇక మీరు చూసిన ఎరుపు, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరిగించినందువల్ల బయటపడినది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మమ్మకు చదివి వినిపించాను. ‘చెంగావి చీరలో చెం ఉన్నట్టే చెంబులోనూ ఉందన్నమాట’ అని ఆవిడే మళ్ళీ నాకు చెప్పారు.